గుమ్మడి తీగకు పూలున్నాయి, కాయలేవి?



సెవెన్త్ క్లాస్ పిల్లలు ప్రాజెక్ట్ కోసం జూన్‌లో ఇంటి దగ్గర పెట్టిన గుమ్మడి గింజలు ఇప్పుడు తీగలై పూత మీదున్నాయి. "పూలన్నీ రాలిపోతున్నయి మేడమ్, ఏం మందు కొట్టాలె?" అని చాలామంది అడుగుతున్నారు. దయచేసి ఏ మందూ కొట్టకండి. ఆ రాలడంలోనే ఈ నెల పాఠం ఉంది.

గుమ్మడికి మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. తీగ మొదట్లో మగ పూలే పూస్తుంది, అవి రాలిపోవడం సహజం. పొడవాటి సన్న కాడ మీద ఉండేది మగ పువ్వు. పువ్వు కింద గోలీ అంత పిందె కనిపిస్తే అది ఆడ పువ్వు. రెండూ తెల్లవారుతుండగా విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి. ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగలు పుప్పొడి మోయాలి. లేకపోతే పిందె పసుపెక్కి రాలుతుంది. మన పెద్దవంగర వైపు పత్తికి మందులు కొట్టే రోజులూ ఇవే. పొద్దున కొట్టిన మందు పురుగుతో పాటు తేనెటీగనూ చంపుతుంది. చేనుకు మందు తప్పదంటే పూలు ముడుచుకున్నాక, సాయంత్రం కొట్టండి.

తేనెటీగలు రాని ఇంట్లో ఆ పని పిల్లలే చేయొచ్చు. ఉదయం ఎనిమిదిలోపు మగ పువ్వు ఒకటి తెంపి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడ పువ్వు మధ్య భాగానికి మెల్లగా అద్దాలి.

మనం ఇంత మనదనుకునే ఈ కూర గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలోని వహాకా లోయలో ఒక గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. అక్కడి రైతులు మక్క, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట వేసేవారు. చిక్కుడు మక్క కర్రకు పాకేది, గుమ్మడి ఆకులు నేలకు నీడనిచ్చేవి. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే గుమ్మడి సముద్రాలు దాటింది. ఇంటి ముందు కట్టే బూడిద గుమ్మడి మాత్రం ఆసియాదే, అది వేరే మొక్క.

తీగకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, పశువుల ఎరువు, పాకడానికి పందిరో గోడో కావాలి. నల్లరేగడిలో వాన నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి మట్టి ఎత్తు చేయండి. యూరియా ఎక్కువ వేస్తే ఆకులే పెరుగుతాయి, కాయలు పట్టవు. కోతుల సంగతి మాత్రం ఏ సైన్స్ పుస్తకంలోనూ లేదు, మీ తిప్పలు మీరే పడాలి!

బతుకమ్మ వస్తోంది. గుమ్మడి పువ్వు లేకుండా మనకు గౌరమ్మ లేదు. తీగ మీద నాలుగైదు మగ పూలు ఉంచి మిగతావి తెంపుకోండి. పిందె ఉన్న పువ్వును మాత్రం ముట్టుకోకండి.

కాయ పట్టకపోయినా మార్కులు తగ్గించం. పిల్లలు చూసింది రాస్తే చాలు. పిందె నిలిచిన రోజు నుంచి వారానికోసారి దారంతో చుట్టుకొలత తీసి నోట్‌బుక్‌లో రాయాలి. ఆ అంకెలు మీరు రాయకండి, మీ చేతిరాత మాకు తెలిసిపోతుంది.