భీమునిపట్నం: ఒక ఊరి చరిత్ర, ప్రజాజీవనం



పోటీ పరీక్షల పుస్తకాల్లో భీమునిపట్నానికి దక్కేది ఒక్క వాక్యం. డచ్చివారి వర్తక స్థావరం అని. దాన్ని బట్టీపట్టి, మార్కు తెచ్చుకుని మర్చిపోతాం. ఆ ఊరేమో విశాఖకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళితే చేరేచోట ఉంది. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. పీజీలో ఒక ఊరి చరిత్ర రాసుకురమ్మన్నప్పుడు మేము భీమిలిని ఎంచుకున్నాం. అక్కడ కళ్ళకు కనబడేది కొంత, కనబడనిది ఇంకెంతో. ఆ రెండో దాని గురించే ఈ వ్యాసంలో ఎక్కువ చెబుతాం.

ముందు నేల సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహలు, తాటిపూడి దాటుకుని వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఊరి వెనుక పావురాలకొండ. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ, అందుకే ఆ పేరనీ జనం చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, కొండమీద బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి చేసుకున్న నీటి తొట్లు మాత్రం నిజం. వాన నీరు కిందికి పోకుండా కొండమీదే నిలుపుకున్నారు. విశాఖ దారిలోని తొట్లకొండకు ఆ పేరు వచ్చింది అలాంటి తొట్ల వల్లనే.

పదిహేడో శతాబ్దంలో డచ్చివారు వచ్చారు. వారికి కావలసింది ఈ ప్రాంతపు నూలుబట్ట. జావా, మొలక్కా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివారు కోరింది మన బట్టనే. అందుకని కోరమండల్ తీరం పొడవునా నాగపట్నం, పులికాట్, మచిలీపట్నం వంటి రేవుల్లో గిడ్డంగులు కట్టుకున్నారు. ఉత్తరాన భీమిలి వారి స్థావరం. కంపెనీ దళారికి ముందే డబ్బు ఇచ్చేది, దళారి నేతగాడికి బయానా ఇచ్చేవాడు. బయానా తీసుకున్న మగ్గం ఇక వేరొకరికి నేయడం కష్టం. బట్ట మగ్గం దిగాక చాకలివాళ్ళు ఉడకబెట్టి, ఉతికి, ఎండబెట్టి తెల్లబరచాలి. రంగు వేసేవాళ్ళు వేరు. మూటలు మోసేవాళ్ళు వేరు. ఒక తాను ఓడ ఎక్కేలోపు ఎన్ని చేతులు మారిందో చూడండి.

బట్టతో పాటు మనుషులనూ తీసుకుపోయారు. పదిహేడో శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా కోరమండల్ తీరంలో తిండిలేక అమ్ముడుపోయినవారిని డచ్చి కంపెనీ బానిసలుగా కొని బటేవియాకూ సింహళానికీ ఓడల్లో తరలించింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకంలో కనబడదు. మేము పీజీలో చదివి తెలుసుకున్నాం.

భీమిలిలో డచ్చివారి సమాధుల తోట నేటికీ ఉంది. కొన్ని సమాధులు సూదిమొన స్తంభాల్లా ఎత్తుగా ఉంటాయి. రాతి మీద డచ్చి అక్షరాల్లో పేరు, చనిపోయిన తేదీ. మూడు వందల ఏళ్ళ కిందట పోయిన వర్తకుడి పేరు మనం ఈరోజు చదువుకోవచ్చు. అతని ఓడ నింపిన నేతగాడి పేరు, చాకలి పేరు, కూలీ పేరు ఏ రాతి మీదా లేవు. చరిత్ర విద్యార్థులుగా మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

ఇంగ్లీషువారి ఏలుబడికి వద్దాం. 1794 జూలై 10న భీమిలికి దగ్గరలోని పద్మనాభం వద్ద కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు విజయరామ గజపతి మరణించాడు. ఆ తరువాత ఈ ప్రాంతంలో కంపెనీకి ఎదురు లేకపోయింది. డచ్చివారి స్థావరం 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లో భీమిలి పురపాలక సంఘం అయ్యింది. దేశంలోని తొలి పురపాలక సంఘాల్లో ఇది ఒకటి. తేదీలు ఇంతటితో చాలు.

ఇప్పుడు గోగు దగ్గరికి వద్దాం. గోగు ఆకు మన కంచంలో గోంగూర. దాని కాడ బెరడు నార. ఇంగ్లీషు వ్యాపారులు ఆ నారకు ఈ ఊరి పేరే పెట్టారు, బిమ్లీ జూట్ అని. బెంగాల్ జనపనార మొక్క వేరు, ఇది వేరు. లండన్ బజారులో ఈ పేరుతో నార అమ్ముడుపోయేది. అంటే మన చేలో కోసి, మన చెరువులో నానిన నార భీమిలి పేరుతో సముద్రాలు దాటింది.

ఆ పని ఎలా ఉండేదో మాలో ఒకరి అమ్మమ్మ చెప్పింది. గోగు కోసి, ఆకు రాలగొట్టి, కట్టలు కట్టి చెరువులో ముంచుతారు. తేలిపోకుండా మీద రాళ్ళో మట్టిపెళ్ళలో పెడతారు. రెండు మూడు వారాలకు బెరడు కుళ్ళి వదులవుతుంది. అప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క కాడ నుంచీ నార ఒలవాలి, బాదాలి, జాడించాలి, ఎండెయ్యాలి. "ఆ కంపు వారం దినాలు ఒంటిని వదల్దురా. ఇంటికొస్తే పిల్లలు కూడా దగ్గరకి రారు" అంది. పుల్లలు మాత్రం కూలివాళ్ళు పొయ్యిలోకి తెచ్చుకునేవారట. నార ధర షావుకారు చెప్పిందే. భూమిలేని మాల మాదిగ కుటుంబాలు ఎన్నో ఈ పని మీద బతికాయి. వాళ్ళ మనవలమే ఇప్పుడు మన హాస్టళ్ళలో ఉన్నాం.

భీమిలిలో ఓడలు ఒడ్డుకు రాలేవు. నడిసముద్రంలో లంగరు వేసేవి. అలల మీదుగా సరుకు చేరవేయడానికి మసూలా పడవలు ఉండేవి. వీటి పలకలను మేకులతో కొట్టరు, కొబ్బరి తాడుతో కుడతారు. అల వచ్చి కొట్టినప్పుడు మేకు వేసిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. ఏ ఇంజినీరింగు కాలేజీలోనూ చదవని మనుషుల తెలివి ఇది. ఆ పడవలు నడిపింది మన మత్స్యకారులే.

అంత వ్యాపారం ఉన్న రేవు ఎందుకు చిన్నబోయింది? మాకు రెండు కారణాలు కనబడ్డాయి. మద్రాసు-కలకత్తా రైలు మార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా పోయింది. సరుకు రైలెక్కడం మొదలుపెట్టింది. ఆపైన 1933లో విశాఖ హార్బరు తెరిచారు. అక్కడ ఓడ నేరుగా గట్టుకే వస్తుంది. ఇక అలలతో పోరాడే మసూలా పడవకు పనేముంది? భీమిలి కూలీ పని కోసం విశాఖ దారి పట్టాడు. పక్కనున్న చిట్టివలసలో జూట్ మిల్లు చాలాకాలం వేలమందికి అన్నం పెట్టింది. 2009లో అదీ మూతపడింది.

ఇన్ని మారినా నిలిచింది వల. వాడబలిజ, జాలరి కుటుంబాలు సముద్రం మీదే బతుకుతున్నాయి. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు రెండు తాళ్ళు, ఒక్కో తాడుకు వరసగా మనుషులు. చేప పడితే వల యజమానికి, పడవకు, లాగినవారికి వాటాలు. లాగడానికి ఆ పూట చెయ్యి వేసిన ముసలివాడికీ నాలుగు చేపలు పెడతారు. చేప ఒడ్డు చేరాక లెక్క ఆడవాళ్ళది. వేలం పాడటం, ఉప్పు పట్టించి ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలు అప్పుల నెలలు. ఇప్పుడు ఒడ్డున హోటళ్ళు, ప్రహరీగోడలు పెరిగాయి. వల ఆరబెట్టుకునే ఇసుక తగ్గిపోతోంది. డచ్చి సమాధులను కాపాడాలని అందరూ అంటారు, మేమూ అంటాం. వల ఆరే చోటును కాపాడాలని కూడా ఎవరో ఒకరు అనాలి కదా.

తమ్ముళ్ళూ, సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్తారు. ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఊళ్ళో చెరువుల పేర్లు, చేలకు జనం పిలిచే పేర్లు రాయండి. బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించమని హెడ్మాస్టరు గారిని అడగండి. మన పేటలో బడికి వెళ్ళిన మొదటి మనిషి ఏ ఏడు చేరాడో అందులో దొరుకుతుంది. ముసలివాళ్ళను రాజుల గురించి కాదు, వాళ్ళు చేసిన పని గురించి అడగండి. ఏం కోశారు, ఏం మోశారు, కూలి ఎంత, ధాన్యమా డబ్బా? చెప్పినవారి పేరు, వయసు, తేదీ వేసుకోవడం మరవకండి. రాసినవి వచ్చే వార్షికోత్సవ సంచికకు ముందే సంపాదకవర్గానికి ఇవ్వండి. అక్షరదోషాలు మేము దిద్దుతాం.