బెజవాడ అంటే బీజెడ్‌ఏ

ఏఐ ఏజెంటు చేతికి ఒక టూల్ ఇవ్వాలంటే ఏపీఐ ద్వారా మూడు సంగతులు పంపుతాం: టూల్ పేరు, దాని వివరణ, ఏయే వివరాలు నింపాలో చెప్పే జేసన్ స్కీమా. లోపల నడిచే కోడ్ మోడల్‌కు కనబడదు. మనం రాసిచ్చిన ఆ మూడింటిని బట్టే టూల్‌ని పిలవాలో వద్దో, పిలిస్తే ఏం నింపాలో అది తేల్చుకుంటుంది.

రైళ్ళు వెతికే టూల్ ఒకటి చేస్తున్నాం అనుకుందాం. తొలి ముసాయిదా మామూలుగా ఇలా ఉంటుంది: ‘రైళ్ళ సమాచారం ఇస్తుంది.’ రాసినవాడికి ఇందులో లోటేమీ కనిపించదు, మిగతాదంతా అతని బుర్రలో ఉంది కాబట్టి. బండి ఎంత లేటో చెబుతుందా? టికెట్ కూడా కొంటుందా? చదివే మోడల్‌కు అంతు చిక్కదు.

ముందు పేరు సరిచేద్దాం. ‘ట్రెయిన్’ అని ఊరుకోకుండా ‘సెర్చ్_ట్రెయిన్స్’ అంటే పనేమిటో పేరులోనే తెలుస్తుంది. తర్వాత వివరణ. ఏం చేస్తుంది, ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పిలవకూడదు అన్నవి మూడూ ఉండాలి. చాలామంది ఎగ్గొట్టేది మూడోదే. మన రెండో ముసాయిదా: ‘రెండు స్టేషన్ల మధ్య ఒక తేదీన నడిచే రైళ్ళనూ, తరగతివారీగా ఖాళీలనూ ఇస్తుంది. టికెట్ బుక్ చేయదు. ఇప్పటికే కొన్న టికెట్ సంగతి అడిగితే దీన్ని వాడకూడదు. పది అంకెల పీఎన్‌ఆర్ అడిగి తీసుకుని పీఎన్‌ఆర్ టూల్‌ని పిలవాలి.’

అసలు తంటా నింపాల్సిన గడుల దగ్గర మొదలవుతుంది. స్కీమాలో ‘ఎక్కే స్టేషన్: అక్షరాలు’ అని వదిలేస్తే మోడల్ ఒకసారి ‘విజయవాడ’ అనీ, ఇంకోసారి తోచిన మూడక్షరాల కోడూ పంపుతుంది. విజయవాడ కోడ్ బీజెడ్‌ఏ. ఊరి పేరు మారినా కోడ్‌లో బెజవాడ అలాగే ఉండిపోయింది. పేరును బట్టి ఊహిస్తే దొరకదు. హైదరాబాద్ ఇంకా చిక్కు. హెచ్‌వైబీ అంటే నాంపల్లి స్టేషన్ ఒక్కటే. ఆ కోడ్ ఇస్తే సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లిలో బయల్దేరే బళ్ళు లెక్కలోకి రాకపోవచ్చు. ఇదంతా వివరణలో పేర్చుకుంటూ పోవచ్చు గానీ, నన్నడిగితే ఊరి పేరు ఇస్తే అక్కడి స్టేషన్ల కోడ్లన్నీ చెప్పే చిన్న టూల్ పక్కన పెట్టడం మేలు. వివరణ అదేపనిగా పొడుగవుతోందంటే ఒక్కోసారి తప్పు టూల్‌దే. ఆ చిన్న టూల్ ఉంటే ఈ గడి కింద ఇంత చాలు: ‘స్టేషన్ కోడ్, ఉదాహరణకు బీజెడ్‌ఏ. ఊహించి రాయకూడదు, ముందు స్టేషన్ టూల్‌ని అడగాలి.’

తేదీ గడి స్టేషన్ గడికి అన్న. 07-03 అంటే మార్చి 7 కావచ్చు, జులై 3 కావచ్చు. కాబట్టి సంవత్సరం, నెల, రోజు వరస ఖరారు చేసి 2025-03-07 అని నమూనా ఇవ్వాలి. ‘ఎల్లుండి’ని తేదీగా మార్చాలంటే ఇవాళ ఏ రోజో మోడల్‌కు మనమే చెప్పాలి. ‘శుక్రవారం రాత్రి 12:20 బండి’ అని జనం అంటారు, క్యాలెండరు ప్రకారం అది శనివారం. విశాఖలో రాత్రి కదిలిన బండి తెల్లారగట్ల బెజవాడలో ఎక్కేవాడికి మర్నాటి బండి. అందుకే ‘ప్రయాణికుడు ఎక్కే స్టేషన్లో బండి బయల్దేరే తేదీ’ అని రాయాలి.

తరగతికి పెద్దగా చెప్పేదేం లేదు: ఎస్‌ఎల్, 3ఏ, 2ఏ, 1ఏ లాంటి కోడ్లన్నిటి జాబితా ఇచ్చేస్తే సరి.

మారిపోయే నిబంధనలను మాత్రం వివరణలో పెట్టొద్దు. ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1న 120 రోజుల నుంచి 60కి తగ్గింది. పాత అంకె వివరణలో మిగిలిపోతే మోడల్ దాన్నే ధీమాగా వల్లిస్తుంది. ఆ లెక్క సర్వర్ చూసుకుని, గడువు దాటితే ఆ మాటే తిరిగి చెప్పాలి. ‘ఎర్రర్ 400’ అంటే మోడల్ ఏం దిద్దుకుంటుంది? ‘విజయవాడ అన్నది స్టేషన్ కోడ్ కాదు, బీజెడ్‌ఏ లాంటి కోడ్ పంపాలి’ అంటే రెండోసారికి సరిగ్గా పంపుతుంది.

తిరిగొచ్చే జవాబుకూ అర్థం చెప్పాలి. వెయిటింగ్ లిస్టు 12 అంటే బెర్తు లేనట్టే. ఆర్‌ఏసీ అంటే కూర్చునే చోటు ఉంది, బెర్తు ఖాయం కాదు. ఈ ముక్క లేకపోతే మోడల్ ‘టికెట్లు ఉన్నాయండీ’ అనేస్తుంది.

ఈ రాతంతా టోకెన్ల లెక్కలో పడుతుంది. తెలుగు లిపికి ఇంగ్లీషు కంటే సాధారణంగా ఎక్కువ టోకెన్లు పడతాయి కనుక వివరణ ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు. పరీక్షించే ప్రశ్నలు మాత్రం ఇంట్లోవాళ్ళ మాటల్లోనే ఉండాలి: ‘రేపు పొద్దుగాల బెజవాడ పోవాలె, ఏం బండ్లున్నయ్?’, ‘మా టికెట్ కన్‌ఫరం అయిందా?’, ‘గుంటూరు బండి ఎంత లేటు?’ ఒక వాక్యం మార్చినప్పుడల్లా ప్రశ్నలన్నీ మళ్ళీ నడపాలి. మన రెండో ముసాయిదా ఈ మూడో ప్రశ్న దగ్గర బోల్తా పడే వీలుంది: మోడల్ రైళ్ళు వెతికి, టైంటేబుల్ వేళనే ఇప్పటి వేళ అన్నట్టు చదివేస్తుంది. కాబట్టి చివర ఇంకో రెండు వాక్యాలు పడతాయి: ‘ఇందులోవి టైంటేబుల్ వేళలు. బండి ఇప్పుడెక్కడుందో ఈ టూల్‌కి తెలియదు.’