చందనపు మ్రానులు

చదువవలసిన భాగము: 1 రాజులు 10:11, 12

ఓఫీరునుండి బంగారము తెచ్చిన ఓడలు చందనపు మ్రానులను కూడ తెచ్చెననియు, వాటితో సొలొమోను మందిరమునకు స్తంభములను, గాయకులకు సితారాలను చేయించెననియు ఇచ్చట చదువుచున్నాము. హెబ్రీలో ఆ మ్రాను పేరు అల్ముగ్. అది మన ఎఱ్ఱచందనమే కావచ్చునని కొందరు పండితులు తలంచిరి. 2 దినవృత్తాంతములు 2:8లో అట్టి మ్రానులు లెబానోనులోను ఉన్నట్లు కనబడుచున్నది గనుక అందరును ఒప్పుకొనలేదు. మేమును పట్టుబట్టము.

ఎఱ్ఱచందనము టెరోకార్పస్ అను ప్రజాతికి చెందిన చెట్టు. ఆ గ్రీకు మాటకు రెక్కగల కాయ అని అర్థము. కంది, చింత మొదలగు వాటి కుటుంబమే ఇది. కాయ చుట్టును పలుచని రెక్క యుండుటచేత గాలికి ఎగిరిపోవును. మధుమేహము గలవారు రాత్రి నీరు పోసియుంచి ఉదయమున త్రాగు వేగిస కఱ్ఱ గ్లాసు దీని దాయాదియే. ఫిలిప్పీన్సువారి జాతీయ వృక్షమును ఈ ప్రజాతిదే. ఎఱ్ఱచందనము మాత్రము శేషాచలము, పాలకొండలు, వెలికొండలు, లంకమల, నల్లమల ప్రాంతములందే ముఖ్యముగా సహజముగా పెరుగును. పేరునకు చందనమేగాని దీనికి సువాసన లేదు. చేవ నీట మునుగునంత బరువు. అది ముదురుటకు అనేక సంవత్సరములు పట్టును. అలలవంటి చారలుగల దుంగలకు వెల మిక్కుటము. జపానులో వాటితో వాద్యములు చేయుదురు. సొలొమోను సితారాలు మాకు జ్ఞాపకము వచ్చినవి.

1995లో అంతర్జాతీయ ఒడంబడిక దీని వర్తకమునకు కట్టుబాట్లు పెట్టినను దొంగ నరుకుడు ఆగలేదు. 2013 డిసెంబరులో శేషాచలపు అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులు చంపబడిరి. 2015 ఏప్రిల్ 7న తమిళనాడునుండి వచ్చిన 20 మంది పోలీసు కాల్పులలో చనిపోయిరి. వారు తమపై దాడి చేసిరని పోలీసులు చెప్పగా హక్కుల సంఘములు కాదనినవి. చనిపోయినవారు కూలికి వచ్చిన బీదలు. దుంగలు కొను ధనికుడెవడును ఆ దినమున ఆ కొండమీద లేడు.

ఈ తలంపుతోనే 1 రాజులు 5వ అధ్యాయమునకు వెళ్లితిమి. లెబానోను పనికి సొలొమోను 30,000 మందిని వెట్టికి పెట్టి, నెలకు 10,000 మందిచొప్పున పంపెను. ఒక నెల లెబానోనులో, రెండు నెలలు ఇంటియొద్ద. అదోనీరాము వారిపై అధికారి. మందిరపు కొలతలను కంఠస్థము చేయు మనము ఈ వచనములను త్వరగా దాటిపోవుదుము. సొలొమోను మృతిపొందగానే జనులు రెహబాము నొద్దకు వచ్చి, నీ తండ్రి పెట్టిన కాడి బరువు తగ్గించుమనిరి. రాజు వినలేదు. పైగా వెట్టివారిమీది అధికారినే వారియొద్దకు పంపెను. జనులు అతనిని రాళ్లతో కొట్టి చంపిరి.