నేలకి పాసంగం

ఈసారి గోడపత్రికకి "మన నేల" అని అంశం ఇచ్చారు. కవితలు ఎలాగూ చాలా వస్తాయి కదా అని నేను మెటల్ డిటెక్టర్ గురించి రాస్తున్నాను. నవ్వకండి, కారణం ఉంది.

పోయిన వేసవిలో, సండూరు దగ్గర ఊళ్ళో మా అవ్వ చెవి కమ్మ ఒకటి వాకిట్లో ఎక్కడో పడిపోయింది. ఊడ్చారు, మట్టి జల్లెడ పట్టారు, దొరకలేదు. పైపులైన్ పని చేసే మామ స్నేహితుడు డిటెక్టర్ తెచ్చి, గంటసేపు తిప్పి "ఇక్కడ లేదమ్మా" అన్నాడు. అంతే, అందరి చూపూ రోజూ వాకిలి ఊడ్చే ఆమె మీదికి పోయింది. ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనకుండానే ఆమెకి అర్థమైంది. మర్నాడు పనికి రాలేదు.

డిటెక్టర్ చివర గుండ్రటి చుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ మారుతూ పోతుంటే దాని అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న కరెంటు పుట్టి తిరుగు సంకేతం పంపుతుంది. చిక్కేమిటంటే నేల కూడా జవాబిస్తుంది. మట్టిలో మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజం ఎక్కువుంటే, ఆ జవాబు ముందు చిన్న కమ్మ జవాబు ఏ మూలకీ రాదు. అయితే రెండిటికీ సమయంలో కాస్త ముందూ వెనకా ఉంటుంది. ఆ తేడాని బట్టి నేల జవాబుని పక్కన పెట్టమని మిషన్‌కి చెప్పడమే గ్రౌండ్ బ్యాలెన్స్. ఇది చెప్తే అవ్వ "త్రాసుకి పాసంగం కట్టినట్టా?" అంది. ఖాళీ తట్టలు సమంగా లేకపోతే తేలిక వైపు రాయి కట్టి, ముల్లు నిలిచాకే సరుకు తూస్తారు కదా, అదే. మేడమ్, తెలుగు మాట కావాలంటే నాకు ఇదే నచ్చింది.

ఆయన చేసిన పొరపాటు ఇదీ. రోడ్డు పక్కన నల్లరేగడి చేను గట్టు మీద మిషన్ ఆన్ చేసి అక్కడే బ్యాలెన్స్ చేసుకున్నాడు. మా నాన్న కన్నడంలో దాన్ని ఎరె మణ్ణు అంటారు. మా వాకిట్లో ఉన్నది మాత్రం కొండ నుంచి ట్రాక్టర్‌తో తెచ్చి పోసిన ఎర్ర గరుసు. సండూరు కొండలంటే ఇనుప ఖనిజమే కదా! అడుగు పెట్టగానే మిషన్ ఒకటే కూత. భరించలేక సెన్సిటివిటీ తగ్గించేశాడు. కూతతో పాటు కమ్మ కూడా వినిపించకుండా పోయింది.

మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటే నేను చదివి చెప్పాను. మామ ఆయన్ని మళ్ళీ పిలిపించాడు. ముందు లోహం లేని చోటు చూసుకోవాలి. (నేను గాజులు తీసి పక్కన పెట్టాను.) చుట్టని జానెడు ఎత్తు నుంచి రెండు వేళ్ళ ఎత్తుకి, నేలకి సమంగా, దించుతూ లేపుతూ ఉండాలి. దించినప్పుడు శబ్దం పెరిగినా, తగ్గినా కుదరలేదనే లెక్క. దించినా లేపినా ఒకేలా వినిపించేదాకా నాబ్ కొంచెం కొంచెం తిప్పాలి. బటన్ నొక్కితే తామే సరిచేసుకునే మిషన్లు కూడా ఉన్నాయి, వాటికీ ఈ దించి లేపడం తప్పదు.

నేల మారిన చోటల్లా మళ్ళీ మొదటికే. తడి చౌడు నేలలో ఉప్పునీళ్ళు కరెంటుని పోనిస్తాయి, అందుకని నేలే లోహంలా పలుకుతుంది. ఉప్పూ, ఇనుమూ రెండూ ఉంటే ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్‌కి రెండిటినీ ఒకేసారి సరిచేయడం కష్టం. పొయ్యి దగ్గర మట్టి ఇంకో రకం: వేడికి అందులోని ఇనుము అయస్కాంత గుణం ఎక్కువున్న రూపానికి మారుతుంది. ఇటుక ముక్కలూ అంతే.

నీళ్ళ పొయ్యి పక్కన బ్యాలెన్స్ మళ్ళీ చేయించాం. మూడు సోడా మూతలు, ఒక గుట్కా కాగితం వచ్చాక, బూడిద కింద రెండు వేళ్ళ లోతులో కమ్మ దొరికింది.

మీరూ ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొడి మట్టిలో తిప్పి చూడండి. మన హాస్టల్ వెనక మట్టికి నల్ల పొడి మీసంలా అంటుకుంది. కానీ డిటెక్టర్ పట్టుకుని హంపీకి పోదామనుకునేవాళ్ళు ఆగండి. రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. నేలలో దాచిన సొత్తు దొరికితే ప్రభుత్వానికి చెప్పాలని చట్టం ఉంది.

కమ్మ దొరికిన సాయంత్రమే అవ్వ ఆమె ఇంటికి పోయింది, నేనూ వెంట పోయాను. మాకు మజ్జిగ ఇచ్చింది. పనికి మాత్రం తర్వాత కూడా రాలేదు. ఇప్పుడు వాకిలి అవ్వే ఊడ్చుకుంటుంది.