ఓడ మీద పబ్ ఉండాల్సిందే... మరి అందులో ఉద్యోగం?

కునార్డ్ కంపెనీ ఓడల్లో కొన్ని రాత్రులను గాలా నైట్ అంటారు. సాయంత్రం ఆరు దాటితే మగవాళ్లు డిన్నర్ జాకెట్ లేదా ముదురు రంగు సూటు, ఆడవాళ్లు గౌను లాంటివి వేసుకుంటేనే పెద్ద డైనింగ్ హాలులోకీ, చాలా బార్లలోకీ రానిస్తారు. మెడకు టై బిగించుకోవడం ఇష్టం లేనివాళ్లకు మిగిలే కొద్ది చోట్లలో గోల్డెన్ లయన్ పబ్ ఒకటి. క్వీన్ మేరీ 2 నుంచి 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన క్వీన్ ఆన్ దాకా ఆ కంపెనీ ఓడలన్నిట్లో ఈ పబ్ ఉంది. మధ్యాహ్నం ఫిష్ అండ్ చిప్స్, సాయంత్రం క్విజ్, ఓ మూల డార్ట్స్ బోర్డు, మ్యాచ్ ఉన్న రోజు టీవీలో ఫుట్‌బాల్.

ఇంత ఖర్చుపెట్టి సముద్రం మీదికి వచ్చినవాళ్లకు వీధి చివరి పబ్ లాంటిది ఎందుకని కొందరు ప్రయాణికులు అడుగుతుంటారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఓడ ఎక్కాలనుకునే మన పిల్లలకు మాత్రం ఇది బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న. నన్నడిగితే పబ్ ఉండాలి. బార్ విభాగంలో కొత్తగా చేరేవాళ్లు పని నేర్చుకోవడానికి ఓడలో అంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. కాకపోతే అక్కడ డబ్బు ఎలా వస్తుందో, ఒళ్లు ఎంత అలుస్తుందో, తాగినవాడితో ఎలా నెగ్గుకురావాలో ముందే తెలుసుకుని వెళ్లాలి.

పబ్ ఓడలకు కొత్తదేమీ కాదు. పాత బ్రిటిష్ ఓడల్లో సిబ్బంది పని ముగించుకుని కూర్చునే బార్‌ను పిగ్ అండ్ విజిల్ అనేవారు. 1999లో రాయల్ కరీబియన్ వాళ్ల వాయేజర్ ఆఫ్ ది సీస్ వచ్చినప్పుడు అదే పేరుతో ప్రయాణికులకూ ఓ పబ్ పెట్టారు. 2010లో నార్వేజియన్ ఎపిక్ మీద ఓషీహన్స్ మొదలైంది. అది ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండేది, తిండి టికెట్టులోనే కలిసి ఉండేది. 2011లో కార్నివల్ మ్యాజిక్ మీద రెడ్‌ఫ్రాగ్ పబ్ వచ్చింది. 2016లో కార్నివల్ విస్టాలో పబ్‌తో పాటు బీరు కాచే చిన్న బ్రూవరీని కూడా ఓడలోనే అమర్చారు. పెద్ద కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి ఈ దారి పట్టాయంటే, అలంకరణలూ హంగులూ అక్కర్లేని చోటు కోసం జనం వెతుక్కుంటున్నారనే కదా.

ఉద్యోగిగా మీకు పబ్ ఎందుకు మంచిదో చెబుతాను. థియేటర్ పక్కనున్న బార్‌కు షో అయ్యాక వందమంది ఒక్కసారిగా వచ్చి, అరగంటలో ఖాళీ చేసి పోతారు. పూల్ బార్‌లో ఎండ, తడి, ప్లాస్టిక్ గ్లాసులు. అక్కడ మనిషి ముఖం చూసే తీరికే ఉండదు. పబ్‌కు వచ్చేవాళ్లు అలా కాదు. మొదటి రోజు ఏ టేబుల్ దగ్గర కూర్చున్నారో ఏడో రోజు దాకా అక్కడే కూర్చుంటారు. హైదరాబాద్ ఇరానీ హోటల్లో రోజూ వచ్చే పెద్దాయన కూర్చోగానే చాయ్, ఉస్మానియా బిస్కెట్ వచ్చేసినట్టు, ఇక్కడ రెండో రోజుకే ఎవరికి ఏం కావాలో సర్వర్‌కు తెలిసిపోవాలి. గ్లాసు అడుగంటుతుంటే "సేమ్ అగైన్?" అని అడిగితే చాలు, బ్రిటిష్ ప్రయాణికుడి ముఖం వెలిగిపోతుంది. సెలవు అయిపోయాక కంపెనీకి రాసే అభిప్రాయాల్లో పేరు పెట్టి మెచ్చుకునేది ఇలాంటి సర్వర్లనే. రెండో కాంట్రాక్టుకూ, బార్ సర్వర్ నుంచి బార్‌టెండర్‌గా ఎదగడానికీ ఆ మెప్పు పనికొస్తుంది.

అయితే దీనికి రోజులు కావాలి. రెండు, మూడు రాత్రుల ట్రిప్పుల్లో పాత గిరాకీ అనే మాటే ఉండదు, పేరు తెలిసేలోపే దిగిపోతారు. మన దేశంలో ముంబయి, చెన్నై, విశాఖపట్నం నుంచి నడిచిన కార్డీలియా క్రూయిజ్ కంపెనీ ట్రిప్పులు ఎక్కువగా అలాంటి చిన్నవే. అనుభవం కోసం అక్కడ మొదలుపెట్టడం మంచిదే. పబ్ పని లోతుగా నేర్చుకోవాలంటే మాత్రం ఏడు, పద్నాలుగు రాత్రులు తిరిగే ఓడ చూసుకోండి.

ఇక పని సంగతి. ఓడ ఏ రేవులోనూ ఆగని సీ డే నాడు పబ్ పన్నెండింటికే జనంతో నిండిపోతుంది. ఒకవైపు భోజనం ఆర్డర్లు, మరోవైపు క్విజ్ కాగితాలు, నడుమ బీరు. ఇక్కడ తెలియాల్సింది నలభై రకాల కాక్‌టెయిళ్లు కాదు, ట్యాప్ బీరు. స్టౌట్, లేగర్, బిట్టర్, సైడర్ తేడాలు నోటికి రావాలి. షాండీ అంటే బీరులో లెమనేడ్ కలిపినదని తెలియాలి. బ్రిటిష్ పింట్ 568 మిల్లీలీటర్లు, అమెరికన్ పింట్ 473. సౌతాంప్టన్‌లో ఎక్కిన పెద్దమనిషికి చిన్న గ్లాసు ఇస్తే మోసం చేశారనుకుంటాడు.

గిన్నెస్ పోయడం ఒక్కటి శ్రద్ధగా సాధన చేయండి. గ్లాసు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ట్యాప్ కింద 45 డిగ్రీల వాలులో పట్టుకుని, నిండేకొద్దీ నిలబెడుతూ ముప్పావు వంతు దగ్గర ఆపాలి. గోధుమరంగు పొంగు కిందికి జారి, నల్లటి బీరు మీద తెల్లటి నురగ విడిగా తేరేదాకా ముట్టుకోకూడదు. ఆ తర్వాతే పైన నింపాలి. మొత్తానికి 119.5 సెకన్లు పట్టాలని ఆ కంపెనీయే చెబుతుంది. ఎదురుగా జనం తొందరపెడుతున్నా ఆ రెండు నిమిషాలు ఆగగలిగితే మీకు పని వచ్చినట్టే. ఈలోపు పక్క ట్యాప్‌లో రెండు లేగర్లు పోసేయొచ్చు. అందుకే నలుగురి ఆర్డర్‌లో గిన్నెస్ ఉంటే దాన్ని ముందు మొదలుపెట్టాలి. నురగే నురగ వస్తుంటే కెగ్ చల్లదనం, గ్యాసు, లైన్ శుభ్రత చూడాలి. మామూలు బీరుకు కార్బన్ డయాక్సైడ్ వాడితే గిన్నెస్‌కు నైట్రోజన్ కలిసిన గ్యాసు వాడతారు. ఈ తేడా ఇంటర్వ్యూలో చెప్పగలిగితే ఎదుటివాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు.

ఇంకో సంగతి. బ్రిటిష్‌వాళ్లు రౌండ్లుగా తాగుతారు. నలుగురు కూర్చుంటే ఒక్కో రౌండు ఒక్కొక్కరిది. ఓడ మీద బిల్లులకు నగదు ఉండదు, అన్నీ ప్రయాణికుడి ఓడ కార్డు మీదే. ఈ రౌండు ఎవరిదో అడగకుండా పోయినసారి ఇచ్చినాయన కార్డు మీదే బిల్లు వేస్తే, చివరి రోజు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర గొడవ మీ పేరుతో మొదలవుతుంది. ప్రతి రౌండుకూ అడగండి, రసీదు చేతికివ్వండి.

డబ్బు దగ్గర కళ్లు తెరిచి ఉండాలి. చాలా అమెరికన్ కంపెనీల్లో ప్రతి డ్రింకు మీదా 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జీ దానంతటదే పడుతుంది. తొమ్మిది డాలర్ల పింట్ మీద 18 శాతమంటే 1.62 డాలర్లు, పదిహేను డాలర్ల కాక్‌టెయిల్ మీద 2.70 డాలర్లు. లెక్క చూస్తే కాక్‌టెయిల్ బార్‌దే పైచేయి. కానీ పబ్‌లో గ్లాసులు ఎక్కువ కదులుతాయి, పైగా విడిగా చేతిలో పెట్టే టిప్పులు పాత గిరాకీ నుంచే వస్తాయి. ఆ ఛార్జీ మీకే వస్తుందా, అందరిదీ ఒకచోట వేసి పంచుతారా, జీతంలోనే కలిపేసి చూపిస్తున్నారా అన్నది కంపెనీకో తీరు. కొన్ని బ్రిటిష్ కంపెనీల్లో బిల్లు మీద ఛార్జీయే వేయరు. టిప్పులు కలిపి ఇంతొస్తుందని ఏజెంటు నోటితో చెప్పే అంకెను నమ్మి ఇంట్లో అప్పు చేయకండి. కాంట్రాక్టు కాగితం మీద హామీగా రాసిన నెల జీతం ఒక్కటే మీది.

పబ్ మంచిదంటూనే యాజమాన్యాలతో ఒక మాట గట్టిగా చెప్పాలి. తిండీ తాగుడూ రెండూ ఒకే చోట పెట్టి, బార్‌కు సరిపోయే మనుషులతోనే నడిపిస్తే ఆ భారం సర్వర్ కాళ్ల మీద పడుతుంది. మధ్యాహ్నం ప్లేట్లు మోసినవాడే అర్ధరాత్రి దాటాక గ్లాసులు తుడుస్తుంటాడు. సముద్ర కార్మికుల హక్కుల ఒప్పందం ఎంఎల్‌సీ 2006 ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ పది గంటల్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం ఆరు గంటలు ఉండాలి. మన దేశం 2015లో దీన్ని ఆమోదించింది. మీ పని గంటల రికార్డు మీద మీరే సంతకం చేస్తారు. పదమూడు గంటలు చేసి పదకొండని రాసి ఉంటే సంతకం పెట్టకుండా ముందు సూపర్‌వైజర్‌ని అడగండి. నెల నెలా కళ్లు మూసుకుని సంతకాలు చేసి, చివర్లో ఫిర్యాదు చేస్తే చేతిలో ఆధారం ఉండదు.

కాళ్ల సంగతి చిన్నదనుకోవద్దు. జారని అడుగున్న మంచి బూట్లు రెండు జతలు ఇక్కడి నుంచే తీసుకెళ్లి, రోజు మార్చి రోజు వేసుకోండి.

తాగి హద్దు దాటేవాళ్లు పబ్‌లో తప్పకుండా ఎదురవుతారు. డ్రింకు ప్యాకేజీ కొన్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని చూస్తాడు. కార్నివల్ చీర్స్ ప్యాకేజీలో 24 గంటలకు 15 ఆల్కహాల్ డ్రింకులని పరిమితి ఉంది. పరిమితి ఉంది కదా అని పదిహేనూ పోయాలని లేదు, అంతకు ముందే ఆపాల్సిన మనిషిని గుర్తించాల్సింది మీరే. అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడల్లో సాధారణంగా 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం ఇవ్వరు. తండ్రి కార్డు ఇచ్చి కొడుకు కోసం అడిగినా ఇవ్వకూడదు. మాట తడబడుతున్నవాడికి స్నేహితుల ముందు "మీకు ఎక్కువైంది" అనేయకండి. పరువు పోయిందని గొంతు పెంచుతాడు. ముందు నీళ్లు, తినడానికి ఏదైనా తెచ్చిపెట్టి, తర్వాతి గ్లాసు ఆలస్యం చేయండి. అప్పటికీ అడిగితే పక్కకు వచ్చి, నెమ్మదిగా, ఒకే ఒక్కసారి చెప్పి, సూపర్‌వైజర్‌ను పిలవండి. అతను వచ్చాక మీరు మాట్లాడొద్దు. ఆ రాత్రే ఏం జరిగిందో సమయంతో సహా రాయించండి. చేయి వేసినవాణ్ణి, ముఖ్యంగా అమ్మాయిల మీద చేయి వేసినవాణ్ణి, గిరాకీ కదా అని భరించనక్కర్లేదు. వెంటనే సెక్యూరిటీకి చెప్పాలి, పబ్‌లో కెమెరాలు ఉంటాయి.

మీ తాగుడికీ లెక్క ఉంది. భద్రతా బాధ్యతలున్న సిబ్బందికి అంతర్జాతీయ పరిమితి రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్. ప్రమాదం జరిగితే ప్రయాణికులను లైఫ్‌బోటు దగ్గరికి చేర్చాల్సినవాళ్లలో బార్ సిబ్బందీ ఉంటారు. పరీక్షలో దొరికితే తర్వాతి రేవులో దింపేస్తారు.

ఇక చేరే దారి. పాస్‌పోర్టు, ఇండోస్ నంబరు (ఓడ ఉద్యోగుల గుర్తింపు సంఖ్య), సీడీసీ (ఓడ ఉద్యోగి సర్వీసు నమోదయ్యే పుస్తకం), ప్రాథమిక భద్రతా కోర్సులు, వైద్య పరీక్ష, అమెరికా వైపు వెళ్లే ఓడైతే సీ1డీ వీసా కావాలి. కోర్సులు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న సంస్థలోనే చేయండి. ఓడ ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామక లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదని ఎంఎల్‌సీ స్పష్టంగా చెబుతోంది. వైద్య పరీక్ష, సీడీసీ, పాస్‌పోర్టు ఖర్చులు మీవి, వీసా ఖర్చు కంపెనీది. తిరిగి ఇంటికి పంపే టికెట్టు కోసం ముందుగా డిపాజిట్ అడగడమూ నిషేధమే. "మూడు లక్షలు కట్టు, నెలలో ఓడెక్కిస్తా" అని ఎవరైనా అంటే, అతను ఎంత దగ్గరి బంధువు తెచ్చిన మనిషైనా, అక్కడి నుంచి లేచి రండి.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి. ఏ బార్‌లో వేస్తారు, ఎన్నాళ్లకోసారి మారుస్తారు, పబ్‌లో భోజనం మోయడానికి వేరే మనుషులున్నారా, సర్వీస్ ఛార్జీ ఎలా పంచుతారు? ఇలా అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం వద్దు. పని తెలిసినవాడే ఇవన్నీ అడుగుతాడని వాళ్లకూ తెలుసు.

మన ఇళ్లలో అసలు చిక్కు వేరే ఉంది. "మందు పోసే ఉద్యోగమా?" అని అమ్మానాన్న ముఖం చిన్నబుచ్చుకుంటారు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పాలంటారు. వాళ్ల బాధను తీసిపారేయకండి. పని ఇదీ అని దాచకుండా చెప్పండి. చుక్క ముట్టకుండానే ఈ పనిలో బార్ మేనేజర్ దాకా ఎదగొచ్చనీ, ఎవరికి ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమూ ఈ పనిలో భాగమేననీ చెప్పండి. జీతం నెల నెలా ఇంటికి పంపే ఏర్పాటు కంపెనీల్లో ఉంటుంది, ఆ కాగితాలు నాన్నకు చూపించండి.

వెళ్లే నెల కూడా ఆలోచించుకోవాలి. ఆర్థిక సంవత్సరంలో దేశంలో ఉన్న రోజులు 182 కంటే తక్కువైతే పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అవుతారు. ఏప్రిల్, మేలలో ఎక్కి ఏడెనిమిది నెలలు చేస్తే బయట ఉన్న రోజులన్నీ ఒకే ఏడాదిలో పడతాయి. అక్టోబరు చివర్లో ఎక్కితే మార్చి 31 దగ్గర రెండుగా చీలి, రెండేళ్లలోనూ చాలకపోవచ్చు. ఎక్కిన తేదీ, దిగిన తేదీ సీడీసీలో స్టాంపు పడ్డాయో లేదో ఓడ దిగేముందే చూసుకుని, ఆ పేజీల నకలు మీ ఆడిటర్‌కు ఇవ్వండి.