వైరాలో ఉద్యోగి పెరటికి ఏ మొక్క?

తొలకరి పడగానే నర్సరీల దగ్గర సందడి మొదలవుతుంది. రోజూ ఖమ్మం వెళ్లి డ్యూటీ చేసుకొచ్చేవాళ్లు, ఇక్కడి బడుల్లో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు కంటికి నచ్చిందల్లా ఆటోలో వేసుకొస్తారు. మే నాటికి సగం ఎండిపోతాయి. తప్పు మొక్కది కాదు. పొద్దున మీకెంత తీరిక, ఎండాకాలం మీ బోరు ఎంత పోస్తుంది, కోతులు ఏ దారిన వస్తాయి... ఇవి తేల్చుకున్నాకే మొక్క కొనాలి.

పొద్దున పావుగంటే దొరికే ఇంటికి దొండను మించింది లేదు. ముదురు తీగ ముక్కను రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటి పందిరికెక్కిస్తే రెండు మూడేళ్లు కాస్తుంది. కాపు తగ్గితే తీగలు కత్తిరించి ఎరువేయండి, మళ్లీ చిగురిస్తుంది. బెండ అలా కాదు. ఇవాళ లేతగా ఉన్న కాయ రెండు రోజులు ఊరెళ్లొచ్చేసరికి పీచవుతుంది. రోజు విడిచి రోజు కోసే ఓపిక ఉంటేనే వేయండి. టమాటా ఏప్రిల్, మే నెలల్లో వద్దే వద్దు. ఎండ 40 డిగ్రీలు దాటే మన దగ్గర పూత నిలవదు. పందిరి చిక్కుడు జూన్, జులైలో పెట్టాలి. పొద్దు తగ్గేదాకా అది పూయదు. తీగ ఏపుగా ఉండి పూత లేదని దసరాకు ముందే పీకేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

బంగినపల్లి మీద మోజు అందరికీ ఉంటుంది కానీ తోటల్లో దానికి పది మీటర్ల ఎడం ఇస్తారు. 200 గజాల ఇంట్లో ఎక్కడ పెడతారు? మామిడే కావాలంటే దశేరి, నీలం కలిపి పుట్టించిన ఆమ్రపాలి తెచ్చుకోండి, పొట్టిగా పెరుగుతుంది. అంటు అతుకు మట్టిలో పూడకుండా నాటండి, అతుకు కింద వచ్చే చిగుళ్లు గిల్లేయండి. పీకేఎం-1 మునగ గింజ పెడితే ఆరు నెలలకే కాపుకొస్తుంది. గుమ్మం పక్కన మాత్రం వద్దు, వానాకాలంలో గొంగళి పురుగులు దిగుతాయి. నల్లరేగడిలో బొప్పాయి నాటేవాళ్లు గట్టు మీద నాటాలి. ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లుతుంది.

నిమ్మ, కరివేపాకు ప్రతి పెరట్లో ఉండాల్సినవే. లేత ఆకుల మీద పిట్టరెట్టలా నలుపు తెలుపు మచ్చ కనిపిస్తే వేలితో కదిపి చూడండి. కదిలితే అది సీతాకోకచిలుక పురుగు. ముదిరితే పచ్చగా మారి కొమ్మను మోడు చేస్తుంది. తినే ఆకుకు మందెందుకు, ఏరేస్తే చాలు.

ఇక కోతులు. అడవి అంచు జిల్లాలో జామ, సపోటా పెట్టేది మనం, తినేది అవి. రోజూ మంద తిరిగే వీధిలో పండ్ల చెట్టు జోలికి పోకుండా కంద, చేమ, పసుపు, కాకర వేయండి. వాటినీ ముట్టవని హామీ లేదు, కానీ నష్టం తక్కువ.

గుంత మేలోనే తవ్వి ఎండనిచ్చి, పశువుల ఎరువు, వేపపిండి కలిపి పూడ్చండి. మట్టి మీద అనుమానముంటే వైరాలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, నర్సరీకి పోయేముందు అక్కడ అడగండి. ఈ ఏటికి దొండ, కరివేపాకు, నిమ్మ చాలు. జామ సంగతి కోతుల రాకపోకలు ఒక ఏడాది చూసి తేల్చుకోండి.