విభజన రేఖలకు అతీతంగా క్యాన్సర్ వైద్యం: పోటీ పరీక్షల ప్రత్యేకం
ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 6వ అంశం కాబట్టి, 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం విడిపోయాక, విజయవాడ, కృష్ణా డెల్టా రోగులు కూడా ఆశ్రయించే హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం తెలంగాణ పరిధిలోకి వెళ్లింది.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదో షెడ్యూలులో పేర్కొన్న సంస్థలు పొరుగు రాష్ట్ర ప్రజలకు విభజనకు ముందున్న సదుపాయాలను తగ్గించకుండా కొనసాగించాలని, నిబంధనలపై ఏడాదిలోగా ఒప్పందం కుదరకపోతే కేంద్రమే వాటిని నిర్ణయించాలని ఆ చట్టంలోని 75వ సెక్షన్ చెబుతుంది. పరీక్షల్లో ఈ సెక్షన్ సంఖ్యను అడిగే అవకాశం ఎక్కువ.

రాష్ట్రాల సరిహద్దులు దాటి క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే జాతీయ క్యాన్సర్ గ్రిడ్ 2012లో టాటా మెమోరియల్ కేంద్రం చొరవతో ఏర్పడింది.

దేశాల మధ్య కూడా ఇలాంటి సహకారం ఉంది: మధ్యప్రాచ్య క్యాన్సర్ కన్సార్టియంను 1996లో సైప్రస్, ఈజిప్టు, ఇజ్రాయెల్, జోర్డాన్, పాలస్తీనా అథారిటీ స్థాపించగా, 2004లో టర్కీ చేరింది. జనాభా ఆధారిత రిజిస్ట్రీ, అంటే ఒక ప్రాంతంలోని ప్రతి కొత్త క్యాన్సర్ కేసునూ నమోదు చేసే పద్ధతి, దాని ముఖ్య కార్యక్రమం.